గొలుసు లోపల, గొలుసు బయట: జీఎస్టీపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పటి నుంచి ఈ శీర్షికకు పన్ను గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. 5, 12, 18, 28 శాతాలుగా ఉన్న నాలుగు రేట్లలో 12, 28 దాదాపుగా కనుమరుగై, ప్రధానంగా 5, 18 శాతాలు మిగిలాయి. కొన్ని విలాస వస్తువులకు, ఆరోగ్యానికి చేటు చేసే వాటికి 40 శాతం రేటు వచ్చింది. ఉత్తరాలు రాసినవారిలో రైతులు, కొట్ల యజమానులు, గృహిణులు, పోటీ పరీక్షల అభ్యర్థులు ఉన్నారు. అడిగిన తీరు వేరైనా అందరి సందేహమూ ఒకటే: ఈ పన్నుతో బాగుపడేది ఎవరు?

ఇటీవల స్టీలు బీరువా కొన్నాను. ధర 12,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ 2,160 అని బిల్లులో రాశారు. ఇనుప రేకు అమ్మినచోట ఒకసారి, బీరువా తయారుచేసినచోట ఒకసారి, దుకాణంలో మరోసారి పన్ను వేస్తారట. ఆ మూడు పన్నులూ చివరికి నా నెత్తినే పడుతున్నట్టు కాదా?
*— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి*

భారం మీ మీదే పడుతున్న మాట నిజం, అయితే అది మూడు పన్నుల భారం కాదు. ఒకే పన్నును ముగ్గురి దగ్గర ముక్కలుగా వసూలు చేస్తారు.

మీ బీరువానే తీసుకుందాం. రేకు వ్యాపారి 6,000 రూపాయల రేకును 1,080 రూపాయల పన్ను కలిపి బీరువాలు చేసే షెడ్డుకు అమ్మి, ఆ 1,080 ప్రభుత్వానికి కట్టాడనుకోండి. షెడ్డు యజమాని బీరువాను 10,000కు దుకాణానికి అమ్మి 1,800 పన్ను వసూలు చేశాడు. కానీ రేకు కొన్నప్పుడు తాను చెల్లించిన 1,080ని మినహాయించుకుని మిగిలిన 720 మాత్రమే జమ చేశాడు. దుకాణదారుడు మీ దగ్గర 2,160 తీసుకుని, తాను అప్పటికే చెల్లించిన 1,800 తీసివేసి 360 కట్టాడు. 1,080, 720, 360 కలిపితే సరిగ్గా మీ బిల్లులోని 2,160. ఈ మినహాయింపునే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. జీఎస్టీకి ప్రాణం ఇదే. మధ్యలో ఉన్నవారు పన్నును చేతులు మారుస్తారు తప్ప భరించరు. వెనక్కి తెచ్చుకోవడానికి తర్వాత ఎవరూ లేనివాడు చివరి కొనుగోలుదారుడే కాబట్టి గొలుసు మీ దగ్గర ఆగింది.

2017 జూలై 1కి ముందు ఇలా లేదు. ఎక్సైజ్ పరిధిలోకి వచ్చేంత పెద్ద కర్మాగారంలో తయారైన సరుకు మీద కేంద్రం 12.5 శాతం ఎక్సైజ్ సుంకం వేసేది. ఆ సుంకంతో కలిపిన ధర మీద రాష్ట్రం 14.5 శాతం వ్యాట్ వేసేది. పదివేల రూపాయల సరుకుకు 1,250 సుంకం పోగా, 11,250 మీద వ్యాట్ లెక్క కట్టేవారు. అంటే సుంకం మీద కూడా 181 రూపాయల పన్ను పడేది. పక్క రాష్ట్రం నుంచి తెస్తే 2 శాతం కేంద్ర అమ్మకం పన్ను అదనం, దానికి మినహాయింపు లేదు. పన్ను మీద పన్ను పడే ఈ పద్ధతిని చాలావరకు తుడిచేయడమే జీఎస్టీ చేసిన పెద్ద మేలు అని నా అభిప్రాయం. ఆ మేలు మొదట చేరేది వ్యాపారికి. ధర తగ్గిస్తేనే మీదాకా వస్తుంది.

మీ బిల్లులో 2,160 అని ఒకే అంకె ఉండకూడదు. సీజీఎస్టీ 1,080, ఎస్‌జీఎస్టీ 1,080 అని విడివిడిగా ఉండాలి. మొదటిది కేంద్రానిది, రెండోది రాష్ట్రానిది. బిల్లు మరోసారి తీసి చూడండి.

మా వీధి కొట్లో బియ్యం ఇప్పుడు 26 కిలోల బస్తాల్లో వస్తున్నాయి. 25 కిలోల బస్తా ఏమైంది?
*— గృహిణి, మిర్యాలగూడ*

ఆ అదనపు కిలో పన్ను తప్పించడానికి వేసింది. 2022 జూలై 18 నుంచి, ముందుగా ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యం, పప్పులు, పిండి 25 కిలోలు, అంతకు లోపు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది. అంతకుముందు బ్రాండు పేరు మీద హక్కు ఉన్న బియ్యానికే పన్ను ఉండేది. బస్తా 25 కిలోలు దాటితే పన్ను లేదు కనుక మిల్లర్లు ఒక కిలో ఎక్కువ నింపి కుట్టేస్తున్నారు. 1,400 రూపాయల బస్తాపై 70 రూపాయల తేడా అది. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు. అయితే బస్తా ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను తప్పుతుంటే, అయిదు కిలోల సంచి మాత్రమే కొనగలిగిన ఇంటికి పడుతోంది. కొట్టువాడు పెద్ద బస్తా విప్పి మీ ఎదుట తూచి ఇచ్చే విడి బియ్యానికి మాత్రం పన్ను లేదు.

వ్యవసాయానికి జీఎస్టీ లేదని అధికారులు చెబుతారు. పురుగుమందుకు, ఎరువుకు, ట్రాక్టరుకు పన్ను కడుతూనే ఉన్నాను. వ్యాపారికి వెనక్కి వచ్చే పన్ను నాకెందుకు రాదు?
*— వరి రైతు, బాపట్ల జిల్లా*

వచ్చిన ఉత్తరాలన్నిటిలో అసలు విషయాన్ని పట్టుకున్నది మీదే. జీఎస్టీ చట్టం రైతుకు రిజిస్ట్రేషన్ అవసరం లేదంటుంది, పొలంలో పండించిన ధాన్యాన్ని పన్ను లేకుండా అమ్ముకోమంటుంది. వినడానికి ఇది వరంలాగే ఉంటుంది. కానీ అమ్మకం మీద పన్ను లేనప్పుడు, కొనుగోలు మీద కట్టిన పన్నును దేనిలోంచి మినహాయించుకుంటారు? అమ్మకం మీద పన్ను నుంచే మినహాయింపు పొందినవాడు గొలుసు బయట నిలబడతాడు. ఎరువు మీది 5 శాతం, రసాయన పురుగుమందుల మీది 18 శాతం మీ పెట్టుబడిలో కలిసిపోతాయి. ఆ మొత్తాన్ని ధాన్యం ధరలో రాబట్టుకుందామంటే ధర నిర్ణయించేది మీరు కాదు.

ఈ లెక్క ఎంత విచిత్రంగా పనిచేస్తుందో గుంటూరు మిర్చి యార్డు పక్కన నిలబడితే తెలుస్తుంది. విదేశాలకు మిర్చి పంపే ఎగుమతిదారుకు చట్టం ‘సున్నా రేటు’ వర్తింపజేస్తుంది. ఆయన అమ్మకానికి పన్ను లేదు, ఆపైన గిడ్డంగికి, ప్యాకింగుకు, ఇతర సేవలకు కట్టిన పన్నును కూడా దరఖాస్తు చేసుకుని వాపసు పొందవచ్చు. అదే మిర్చిని పండించిన రైతు తోటకు కొట్టిన మందు మీది పన్ను ఎవరికీ వాపసు రాదు. ‘పన్ను లేదు’ అనే మాట ఇద్దరికీ ఒకటే, ఫలితం మాత్రం వేరు. సున్నా రేటు ఉన్నవాడు గొలుసు లోపల ఉన్నాడు, పన్ను నుంచి మినహాయింపు ఉన్నవాడు బయట ఉన్నాడు.

కాబట్టి రైతుకు జీఎస్టీలో మేలు జరగాలంటే ఆయన కొనే వస్తువుల రేటు తగ్గడం తప్ప వేరే దారి లేదు. ఆ దారిలో 2025 మార్పులు కొంత ఊరటే. ట్రాక్టర్లు 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, విడిభాగాలు 18 నుంచి 5 శాతానికి, డ్రిప్, స్ప్రింక్లర్లు 12 నుంచి 5 శాతానికి దిగాయి. ఏడు లక్షల ట్రాక్టరు మీద 84,000 ఉండే పన్ను 35,000 అయింది. కొన్ని జీవ పురుగుమందులు కూడా 5 శాతంలోకి వచ్చాయి. రసాయన మందులు మాత్రం 18 శాతంలోనే ఉన్నాయి.

వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద 18 శాతం ఎత్తివేతను ప్రస్తావించిన కడప పాఠకురాలికి కూడా ఇదే జవాబు. అది సున్నా రేటు కాదు, మినహాయింపు. బీమా సంస్థ తన ఆఫీసు అద్దెకు, ఏజెంటు కమిషన్‌కు సంబంధించిన పన్నును ఇక మినహాయించుకోలేదు. ఆ బరువు ప్రీమియం మీదో, ఏజెంటు కమిషన్ మీదో, కంపెనీ లాభం మీదో పడక తప్పదు.

ఖమ్మంలో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఏడాదికి 27 లక్షల అమ్మకం. జీఎస్టీ నంబరు తీసుకోవాలని ఆడిటర్ గారు అంటున్నారు. జగ్గయ్యపేటలో మా బావమరిది 35 లక్షలు అమ్ముతూ కూడా నంబరు లేకుండా ఉన్నాడు. దేశమంతా ఒకే పన్ను అన్నారు కదా?
*— కిరాణా వ్యాపారి, ఖమ్మం*

మీ ఆడిటర్ గారూ, మీ బావమరిదీ ఇద్దరూ సరిగానే ఉన్నారు. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు. ఆ పెంపు వద్దనుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు వెళ్లింది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అందువల్ల మీ రెండు ఊళ్ల మధ్య రాష్ట్ర సరిహద్దుతో పాటు ఈ గీత కూడా ఉంది.

ఈ 20 లక్షల లెక్కలోకి పన్ను పడే సరుకే కాకుండా విడి బియ్యం, పప్పులు, కూరగాయల అమ్మకం కూడా వస్తుంది. పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మేవారికి మాత్రం ఎంత అమ్మినా నంబరు అక్కర్లేదు. మీ కొట్లో సబ్బులు, బిస్కెట్లు కూడా ఉంటాయి కాబట్టి ఆ వెసులుబాటు మీకు లేదు.

భయపడవలసిన పనీ లేదు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మే వ్యాపారులకు కాంపోజిషన్ పథకం ఉంది. అందులో పన్ను పడే సరుకు అమ్మకంపై ఒక శాతం కడితే చాలు. మీ 27 లక్షల్లో 10 లక్షలు పన్ను లేని సరుకు అనుకుంటే, మిగిలిన 17 లక్షల మీద ఏడాదికి 17,000. మూడు నెలలకోసారి చెల్లింపు, ఏడాదికొక రిటర్ను. కానీ ఆ ఒక శాతాన్ని బిల్లులో వేసి గిరాకీదారుల దగ్గర వసూలు చేయకూడదు, మీ లాభంలోంచే కట్టాలి. కొనుగోళ్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. మీ దగ్గర కొనేవారు ఇంటి అవసరాలకు కొనేవారే అయితే ఈ పథకమే మేలు. హోటళ్లకు, హాస్టళ్లకు సరుకు వేస్తుంటే మామూలు రిజిస్ట్రేషన్ గురించి ఆడిటర్ గారితో మాట్లాడండి, ఎందుకంటే జీఎస్టీ బిల్లు ఇవ్వలేని కొట్టును క్రెడిట్ కావలసిన సంస్థలు పక్కన పెడతాయి. చిన్న వ్యాపారిని జీఎస్టీ నిశ్శబ్దంగా దెబ్బతీసింది ఇక్కడే. అదే కారణంతో బిల్లు లేని ‘జీరో’ సరుకు, తెల్ల చీటీ బిల్లు నడిచే బజారు కొంత తగ్గింది కూడా. పన్ను శాఖ వారు ఈ రెండో సగమే చెబుతుంటారు.

మీ బావమరిదికి ఒక మాట చెప్పండి. ఆ 40 లక్షల వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. ఖమ్మంలో పెళ్లింటికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం అవుతుంది; అప్పుడు మొదటి రూపాయి నుంచే నంబరు ఉండాలి.

జీఎస్టీ వల్ల లాభపడేది వస్తువు తయారుచేసే రాష్ట్రమా, వాడుకునే రాష్ట్రమా? జీఎస్టీ మండలిలో చిన్న రాష్ట్రాల మాట చెల్లుతుందా?
*— పోటీ పరీక్షల అభ్యర్థిని, వరంగల్*

వాడుకునే రాష్ట్రమే. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి కారు హైదరాబాదు డీలరుకు వచ్చేటప్పుడు, రాష్ట్రాల మధ్య అమ్మకాలపై వేసే ఐజీఎస్టీ పడుతుంది, అది కేంద్రం ఖాతాలో చేరుతుంది. డీలరు మీకు కారు అమ్మి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వసూలు చేసి, తన దగ్గరున్న ఐజీఎస్టీ క్రెడిట్‌తో వాటిని సర్దుబాటు చేసుకుంటాడు. ఎస్‌జీఎస్టీకి వాడిన మేరకు కేంద్రం తెలంగాణకు డబ్బు బదిలీ చేస్తుంది. కారు తయారైన ఆంధ్రప్రదేశ్‌కు ఆ కారు మీది ఎస్‌జీఎస్టీ రాదు. పాత పద్ధతిలో అంతర్రాష్ట్ర అమ్మకం మీది 2 శాతం పన్ను సరుకు బయలుదేరిన రాష్ట్రానికి దక్కేది.

అందుకే తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్ర వంటి పారిశ్రామిక రాష్ట్రాలు మొదట్లో జంకాయి. వాటి భయం తీర్చడానికి 2015-16 ఆదాయం ప్రాతిపదికగా ఏటా 14 శాతం పెరుగుదలకు కేంద్రం అయిదేళ్ల హామీ ఇచ్చింది. ఆ గడువు 2022 జూన్ 30తో ముగిసింది. ఈలోగా కరోనా వచ్చి, ఆ హామీ మేరకు లోటు పూడ్చే పరిహార నిధికి గండి పడడంతో, 2020-21లో 1.1 లక్షల కోట్లు, 2021-22లో 1.59 లక్షల కోట్లు కేంద్రం అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ అప్పు తీర్చడానికే పరిహార సెస్సును గడువు దాటాక కూడా కొనసాగించారు.

కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చుని పన్ను రేట్లు సిఫారసు చేసే మండలి విషయానికి వస్తే, 101వ రాజ్యాంగ సవరణ చేర్చిన 279ఏ అధికరణం ప్రకారం కేంద్రం ఓటుకు మూడో వంతు విలువ, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం వద్దంటే ఏదీ కదలదు. కేంద్రం కావాలన్నా రాష్ట్రాల బలంలో కనీసం ఎనిమిదింట అయిదు వంతులు తోడు రాకపోతే నెగ్గదు. రాష్ట్రాలన్నిటి ఓటుకూ సమాన విలువ కాబట్టి తెలంగాణ ఓటూ, ఉత్తరప్రదేశ్ ఓటూ ఒకటే. ఆచరణలో ఓటింగు చాలా అరుదు. లాటరీల మీద పన్ను విషయంలో 2019 డిసెంబరులో మొదటిసారి ఓటు వేశారు. మండలి సిఫారసులు పార్లమెంటును, శాసనసభలను కట్టిపడేయవని సుప్రీంకోర్టు 2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో చెప్పింది. పరీక్షలో ఇది అడిగే అవకాశం ఎక్కువ.

అన్నిటికీ జీఎస్టీ ఉంది, డీజిల్‌కు ఎందుకు లేదు?
*— లారీ యజమాని, విజయవాడ*

పెట్రోలు, డీజిల్, ముడిచమురు, సహజవాయువు, విమాన ఇంధనం రాజ్యాంగ సవరణలో జీఎస్టీ పరిధిలోనే ఉన్నాయి. ఎప్పటి నుంచి పన్ను వేయాలో మండలి తేదీ సిఫారసు చేయాలి. ఆ తేదీ రాలేదు. సొంతంగా రేటు పెంచుకోగల ఆదాయ మార్గాలు రాష్ట్రాలకు ఇప్పుడు మిగిలినవి చాలా తక్కువ. ఇంధనం, మద్యం వాటిలో ముఖ్యమైనవి కాబట్టి ఏ ప్రభుత్వమూ తొందరపడదు. మీ డీజిల్ మీది ఎక్సైజ్, వ్యాట్‌లకు ఎవరికీ క్రెడిట్ లేదు కనుక కిరాయిలో కలిసి, ఆ లారీలో వచ్చిన ప్రతి సరుకు ధరలోనూ కూర్చుంటాయి.

సబ్బులు, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి తగ్గించారు కదా, అంటే 13 శాతం తగ్గాలి. మా కొట్లో అంత తగ్గలేదు. ఎవరు మింగుతున్నారు?
*— ఇంటి పని చేసుకునే మహిళ తరఫున ఆమె కుమార్తె, కరీంనగర్*

ముందు లెక్క సరిచూద్దాం. పన్ను లేకుండా 100 రూపాయలున్న సబ్బుల ప్యాకెట్ అప్పుడు 118, ఇప్పుడు 105. తగ్గింది 13 రూపాయలే గాని, 118తో పోలిస్తే అది 11 శాతం. అంతకన్నా తక్కువ తగ్గితే ప్రశ్నించండి. అయిదు రూపాయల, పది రూపాయల చిన్న ప్యాకెట్లలో ధర మార్చడానికి చిల్లర కుదరదు కాబట్టి కంపెనీలు గ్రాములు పెంచే మార్గం ఉంది. పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ పక్కపక్కన పెట్టి బరువు చదవండి. పన్ను తగ్గింపును కొనుగోలుదారుకు చేర్చాలని జీఎస్టీ చట్టం 171వ సెక్షన్ చెబుతోంది, కానీ దాని కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం 2025 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయింది. సరిగ్గా రేట్లు భారీగా తగ్గించిన ఏడాదిలోనే ఆ తలుపు మూసి ఉండడం నాకు సమంజసంగా అనిపించలేదు.

మీ అమ్మగారూ, ఆమె పనిచేసే ఇంటి యజమానీ అదే సబ్బుకు అదే అయిదు రూపాయల పన్ను కడతారు. సంపాదనంతా ఇంటి ఖర్చులకే పోయే కుటుంబానికి ఆ అయిదు రూపాయలు బరువు, జీతంలో సగం పొదుపు చేసే కుటుంబానికి కాదు. వస్తువు మీద వేసే ఏ పన్నుకైనా ఈ లోపం ఉంటుంది. నిత్యావసరాలకు తక్కువ రేటు పెట్టి దాన్ని తగ్గించవచ్చు గాని పూర్తిగా తీసేయలేరు.

హోటల్లో టిఫిన్ చేస్తే బిల్లులో 5 శాతం జీఎస్టీ వేశారు. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదు. నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకున్నారు. ఇది సరైనదేనా?
*— పాఠకుడు, కాకినాడ*

నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేయడం చెల్లదు. మామూలు హోటలుకు 5 శాతమే, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి; మొదటి రెండు రాష్ట్రాన్ని చెబుతాయి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది యజమాని పాన్ నంబరు. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే హోటలు పేరు, రిజిస్ట్రేషన్ రద్దయిందా లేదా అన్నది, ఏ పథకంలో ఉన్నదీ కనిపిస్తాయి. అక్కడ ‘కాంపోజిషన్’ అని ఉంటే ఆ హోటలు తన 5 శాతాన్ని సొంత జేబులోంచి కట్టాలి, మీ బిల్లులో వేసే హక్కు లేదు.

సర్వీసు చార్జీ అని వేరే గీత ఉంటే అది పన్ను కాదు, ఇవ్వనని చెప్పవచ్చు. నీళ్ల సీసా విషయం కొంచెం మెలికది. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎమ్మార్పీకి మించి తీసుకోవడం తూనికలు కొలతల చట్టం కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. అదే సీసాను దుకాణంలో కొంటే ఎమ్మార్పీ మీద ఒక్క పైసా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు, ఎందుకంటే ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఈసారి నంబరు లేని బిల్లు ఇస్తే ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.